మా పందులకు కాపరి ఉండేవాడు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో 'పట్టణంలో పందుల స్వైరవిహారం' అని నాలుగు కాలాల వార్త వేశారు. కింద ఫొటో. మురుగు కాలువ గట్టున పక్కకు ఒరిగి పడుకున్న నల్ల పంది, దాని చన్నులకు వరసగా అంటుకున్న ఏడు పిల్లలు. ఆ పంది ఎడమ చెవి కొసన రెండు చిన్న కోతలు కనబడుతున్నాయి. అవి కుక్క కరిచిన గాట్లు కావు, మా ఇంటి గుర్తు. మా నాయన తన మందకు అట్లా రెండు గాట్లు పెట్టేవాడు, మా తమ్ముడు ఇప్పటికీ అవే పెడుతున్నాడు. మీ విలేఖరి 'ఆలనాపాలనా లేని పందులు' అని రాశాడు. చెవి దగ్గరికి కెమెరా తీసుకుపోయినవాడు ఈ గాట్లు ఎవరివని పక్క గుడిసెలో ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్ళు.

వార్త వచ్చిన మూడో రోజు రాత్రి మున్సిపాలిటీ లారీ వచ్చింది. వలలు వేసి దొరికినవన్నీ ఎత్తుకుపోయారు. తమ్ముడివి ఇరవై మూడు పోయాయి, ఫొటోలోని తల్లి, పిల్లలతో సహా. రసీదు లేదు. ఎక్కడికి తోలారో, కోశారో, అడవిలో వదిలారో చెప్పేవాడు లేడు. అడగడానికి పోతే కౌంటర్ దగ్గర ఒకాయన "ఏ పందులు?" అన్నాడట. ఆ తగాదా వేరు, అది తేల్చుకునే చోట తేల్చుకుంటాం. నేను ఈ ఉత్తరం రాస్తున్నది 'స్వైరవిహారం' అనే మాట గురించి.

నేను ముప్పై రెండేళ్ళు సోషల్ టీచరుగా పనిచేసి 2016లో రిటైరయ్యాను. మాది దేవరకొండ తాలూకా. ఎరుకలోళ్ళం. ఇంట్లో మాట్లాడుకునేది కుర్రు భాష, తమిళానికి దగ్గర చుట్టం. నాకు ఊహ తెలిసేసరికి నాయన దగ్గర నలభై దాకా పందులు ఉండేవి, వాటి వెంట పొద్దంతా మనిషి ఉండేవాడు. బడి లేని రోజు ఆ మనిషిని నేనే.

పందులు కాయడం గొర్రెలు కాసినట్టు ఉండదు. నాయన అనేవాడు, "గొర్రెను ఎనక నుంచి కొట్టుకపోవాలె బిడ్డా, పందిని ముందట నిలవడి పిలువాలె." నిజమే. పందిని తరిమితే నాలుగు దిక్కులకూ పోతుంది, కాళ్ళ సందులోంచి కూడా పోతుంది. మందలో ఒక ముసలి ఆడపంది ఉంటుంది, మిగతావన్నీ దాని వెంట నడుస్తాయి. మా మందలో దాన్ని బొల్లిముట్టె అనేవాళ్ళం, ముట్టె మీద తెల్ల మచ్చ ఉండేది కాబట్టి. నాయన చెరువు కట్ట మీద నిలబడి గొంతులోంచి 'డుర్ర్ర్... ఆ... ఆ' అని సాగదీస్తే తుమ్మల అడుగున ఎక్కడో బొల్లిముట్టె తలెత్తేది. అది కదిలిందంటే మంద కదిలినట్టే. వేరేవాళ్ళు అదే పిలుపు పిలిస్తే లేచేది కాదు. నేను ఎంత గొంతు చించుకున్నా చెవులు ఆడించి మళ్ళీ పడుకునేది. నాకు పదకొండేళ్ళు వచ్చాక గానీ నా పిలుపుకు రాలేదు. ఆ రోజు ఇంట్లో అందరికీ చెప్పుకు తిరిగాను.

పొద్దు పొడవకముందే రాతి తొట్టిలో కుడితి, తౌడు కలిపి పోసేవాళ్ళం. అది కడుపు నింపడానికి కాదు, ఇల్లు ఏదో గుర్తుండడానికి. సాయంత్రం అదే తొట్టి చప్పుడుకు తిరిగి వచ్చేవి. ఎండ ముదిరేలోగా మేపి, మధ్యాహ్నం నీడకూ బురదకూ చేర్చాలి. పందికి మనకు పట్టినట్టు చెమట పట్టదు. బురదలో పొర్లడం దాని గలీజు బుద్ధి కాదు, ఒళ్ళు చల్లబరుచుకునే ఉపాయం. అందుకే ఎండపూట దూరం నడిపించకూడదు, నడిపిస్తే సొమ్మసిల్లుతుంది.

ఎండాకాలం చెరువు అడుగంటితే శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, తుంగ మొలిచేది. తుంగతో పడినవాళ్ళకు తెలుసు, పైన కోస్తే కింద గడ్డ ఉంటుంది, నాగలి పెడితే గడ్డ ముక్కలై ఇంకా నాలుగు మొలకలు వేస్తుంది. పంది ముట్టె దించి జానెడు లోతున ఉన్న గడ్డను కూడా వాసన పట్టి పెళ్ళగిస్తుంది, కరకర నములుతుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రైతులే వచ్చి పిలిచేవాళ్ళు, "ఓ ఎర్కలాయినా, మా మడి మీద రెండు దినాలు తోలరాదు" అని. నాట్లు పడ్డాక అదే రైతు మా పంది గట్టు మీద కనిపిస్తే బండరాయి తీసేవాడు. ఈ రెండూ ఒకే ఏడాదిలో జరిగేవి, రెంటికీ నాయన తలూపేవాడు. పైరు నిలబడ్డప్పుడు పందిని మడిలోకి పోనిచ్చినవాడు కాపరి కాడని ఆయన లెక్క.

పల్లికాయ కాలం వస్తే డిండి వాగు దాటి అచ్చంపేట దిక్కుకు పోయేవాళ్ళం. మూడు రాత్రుల నడక. వెన్నెల చూసుకుని బయలుదేరడం, తెల్లారేసరికి ఏదో కుంట దగ్గర దిగడం. ఎర్రచెలకల్లో కాయ పీకినప్పుడు ఊడలు తెగి భూమిలోనే కొంత మిగిలిపోతుంది. ముందు ఇంటివాళ్ళు ఏరుకునేవాళ్ళు, తర్వాత పరిగె ఏరుకునే ఆడవాళ్ళు, తర్వాత గొర్రెలు, అందరి తర్వాత మా వంతు. మనిషి వేలికి దొరకని కాయ పంది ముట్టెకు దొరుకుతుంది. చెలక మొత్తం తిరగబడి, పెంట పడి, దుక్కికి సగం సిద్ధమయ్యేది. పగలు అమ్మ ఆ ఊళ్ళో ఈత బరిగెల బుట్టలు అమ్మేది, "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అంటూ వాకిళ్ళు తిరిగేది. మా అమ్మ చెప్పిన ఎరుక ఎంత నిజమయ్యేదో నాకు తెలియదు గానీ, ఏ ఇంట్లో ఏ పంట వచ్చింది, ఏ చెలక ఎప్పుడు ఖాళీ అవుతుంది అనే సమాచారం మాత్రం సాయంత్రానికి కచ్చితంగా తెచ్చేది.

పంది ఈనినప్పుడు చూడాలి. పిల్లలు పుట్టిన రెండు మూడు రోజుల్లో ఏ పిల్లది ఏ చన్నో తేల్చేసుకుంటాయి. ముందటి చన్నులకు పాలు ఎక్కువ. వాటి కోసం గుడ్డిగా కుమ్ముకుంటాయి, ఒకసారి తేలాక మళ్ళీ మార్చవు. వెనకటి చన్ను దొరికిన బక్కదాన్ని నాయన చేతిలోకి తీసుకుని పూటపూటకూ ముందు చన్నుకు పట్టించేవాడు. అట్లా బతికిన ఒక మగపిల్లను అమ్మి నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాడు. బీఈడీ ఖర్చుకు ఒక ఈత మొత్తం పోయింది. మా వాళ్ళకు బ్యాంకు అంటే అదే. పైసలు లేని చుట్టానికి ఆడపందిని పాలుకు ఇచ్చేవాళ్ళు, ఈనిన పిల్లల్లో సగం వాడివి, సగం మనవి. ఆ లెక్కకు కాగితం ఉండేది కాదు. తగాదాలూ పెద్దగా చూడలేదు.

ఇక బడిలో మేము చెప్పే చరిత్ర సంగతి. 1871లో బ్రిటిష్ ఇండియాలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి, పైరులో పడ్డ పశువులను బందెలదొడ్డికి తోలే చట్టం. అందులో పశువులంటే ఏవో వరస చెబుతారు, ఏనుగు, ఒంటె, బర్రె, గుర్రం, మేక, వాటి మధ్యలో పంది కూడా ఉంది. రెండోది నేరస్థ తెగల చట్టం. పుట్టుకతోనే మనిషిని దొంగగా రాసుకుని, హాజరు పట్టీ పెట్టి, చెప్పిన చోటే ఉండమనే చట్టం. తర్వాత అది మద్రాసు రాజ్యానికీ వచ్చి మా ఎరుకల వాళ్ళ మెడకు చుట్టుకుంది, బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న గానీ ఆ చట్టం రద్దు కాలేదు. పందికి ఒక దొడ్డి, పంది కాసేవాడికి ఒక దొడ్డి, ఒకే ఏడాదిలో. కాకపోతే బందెలదొడ్డికి పోయిన పందిని జుల్మానా కట్టి విడిపించుకునే హక్కు ఆ చట్టంలో ఉంది. నూటయాభై ఏళ్ళ తర్వాత మా తమ్ముడికి అది కూడా దక్కలేదు.

పట్టణాలకూ పందులకూ తగాదా మన దగ్గరే పుట్టలేదు. 1131లో పారిస్ వీధిలో ఒక పంది గుర్రం కాళ్ళకు అడ్డంపడి ఫ్రాన్స్ యువరాజు ఫిలిప్ కిందపడి చనిపోయాడు. ఆ తర్వాత వీధుల్లో పందులు తిరగకూడదని ఆజ్ఞ. సెయింట్ ఆంటోనీ మఠం పందులకు మాత్రం మినహాయింపు, మెడలో గంట ఉంటే చాలు. (గంట కట్టేవాడు ఎవరన్నదే అసలు సంగతి, అప్పుడైనా ఇప్పుడైనా.) 1849లో న్యూయార్క్‌కు కలరా వస్తే పోలీసులు బీదల వాడల్లోంచి వేల పందులను ఊరి అవతలకు తరిమారు. కలరా వచ్చేది పాడైన నీళ్ళ నుంచి అని అయిదేళ్ళ తర్వాత లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు చూపించాడు. 2009లో మన దగ్గర స్వైన్ ఫ్లూ అన్నప్పుడు కూడా అంతే. ఆ జబ్బు మనిషి నుంచి మనిషికి తుమ్ముల్లో దగ్గుల్లో పాకుతుంటే జనం మా గుడిసెల వైపు చూశారు. పేరులో పంది ఉంది, అంతే పాపం.

పందుల కాపరికి జాగా ఇచ్చిన చోట్లూ ఉన్నాయి. 1086లో ఇంగ్లండ్ రాజు విలియం దేశమంతా లెక్క కట్టించినప్పుడు చాలాచోట్ల అడవి ఎంత ఉందో ఎన్ని పందులకు మేత సరిపోతుందో ఆ లెక్కన రాశారు. మన పెద్దవాళ్ళు విత్తనం కొలతతో 'పుట్టెడు చెలక' అన్నట్టు. అక్కడ న్యూ ఫారెస్ట్ అనే అడవిలో ఇప్పటికీ ప్రతి శరత్కాలం పందులను వదులుతారు. సింధూర (ఓక్) చెట్ల పచ్చికాయలు తింటే గుర్రాలకూ ఆవులకూ విషం, పందులకు విందు. ముట్టెతో నేల మరీ తవ్వకుండా ముక్కుకు ఉంగరం వేస్తారు. మా శిఖం తుంగ కథా అదే కదా. ఒకటి చెరువుకు తోడుంటే ఇంకొకటి అడవికి తోడుంది, తేడా ఏమిటంటే వాళ్ళది హక్కుగా కాగితం మీద ఉంది, మాది రైతు మాట మీద ఉండేది.

ఆ మాట ఎప్పుడు పోయిందంటే చెప్పలేను, కొంచెం కొంచెంగా పోయింది. బోర్లు పడి చెలకలు ఏడాది పొడుగునా ఖాళీ లేకుండా అయ్యాయి. పల్లికాయ వేసిన చోట పత్తి వచ్చింది, పత్తి చేనులో పందికి దొరికేది ఏమీ లేదు. శిఖాలు ఎవరెవరివో అయ్యాయి. ఊరి పక్క పడావు భూములు వెంచర్లయి హద్దురాళ్ళు మొలిచాయి. 2012 పశుగణనలో దేశంలో పందులు కోటీ మూడు లక్షలకు దగ్గర, 2019 నాటికి 90 లక్షల 60 వేలు. ఏడేళ్ళలో నూటికి పన్నెండు తగ్గాయి. మేపు లేని కాపరి పందులను పట్టుకుని పట్టణం అంచుకు చేరతాడు, అక్కడ హోటళ్ళ ఎంగిలి, ఫంక్షన్ హాళ్ళ ఎంగిలి ఉంటుంది. మా తమ్ముడు అట్లాగే పోయాడు. అక్కడ పందులను ముందు నిలబడి పిలిచే జాగా ఎక్కడుంది?

తమ్ముడి తప్పు లేదని నేను అనను. కాలనీల్లోకి పందులు పోవడం తప్పే, పసిపిల్లలు ఆడే చోట అసలు పోకూడదు. మెదడువాపు క్రిమి పంది ఒంట్లో పెరిగి దోమల ద్వారా మనిషికి చేరుతుంది, కాబట్టి పందుల దొడ్డి ఇళ్ళకు దూరంగా ఉండాలన్న మాట సబబే. బద్దెపురుగు భయమూ ఉత్తది కాదు. కాకపోతే ఆ పురుగు గుడ్లు పందికి చేరేది మనిషి బయట కూర్చున్న చోటు నుంచే, మరుగుదొడ్లు వాడితే ఆ గొలుసు తెగుతుంది. ఇక 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనిషికి రాదు, పందులను మాత్రం మందలకు మందలు తుడిచేస్తుంది. ఉడకబెట్టని ఎంగిలి మేపితే ఆ ముప్పు ఎక్కువ. ఇవన్నీ నేను తమ్ముడికి చెప్పాను. "ఉడకబెట్టనీకి పొయ్యి ఏడ పెట్టాలె అన్నా, కాలువ మీదనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒక సంగతి చెబితే మీరు నవ్వుతారు. మా ఊరి రైతులు మొన్న వానకాలం మా ఇంటికి వచ్చారు. పల్లికాయ, మక్క వేసినవాళ్ళు రాత్రుళ్ళు అడవిపందులతో నిద్ర లేకుండా ఉన్నారు. పాత చీరలు కట్టారు, క్షౌరశాల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లారు. ఊరపంది పెంటను నీళ్ళలో కలిపి చేను చుట్టూ చల్లితే, ఇక్కడ వేరే మంద ఉందనుకుని అడవిపందులు రావని వ్యవసాయ అధికారులే చెప్పారట. ఇది మా వాళ్ళకు ఎప్పటి నుంచో తెలిసిన ముచ్చటే. ఊళ్ళో ఇప్పుడు ఒక్క పంది లేదు. "సారూ, మీ తమ్ముడి కాడ నాలుగు బకెట్లు దొరుకుతదా?" అని అడిగారు. అందులో ఒకాయన నాతో అయిదో తరగతి చదివాడు. అప్పట్లో నన్ను పేరు పెట్టి పిలవలేదు, 'పందులోడా' అని పిలిచేవాడు. తమ్ముడు ఆటోలో రెండు డ్రమ్ములు పంపాడు, పైసలు తీసుకోలేదు. ఆ ఆటో నేను తప్ప ఎవరూ ఎక్కలేదు, వాసనకు.

చరిత్ర పాఠం చెప్పే రోజుల్లో ఒకసారి పిల్లలను అలంపురం గుళ్ళకు తీసుకుపోయాను. ఇవి కట్టించిన చాళుక్యుల రాజముద్ర వరాహం, కాకతీయులదీ వరాహమే, వరాహ అని బంగారు నాణెం కూడా ఉండేది అని చెబుతున్నాను. వెనక నుంచి ఒక పిల్ల, "సార్, అంటే పందినా?" అంది. అందరూ గొల్లుమన్నారు. నేను "కాదమ్మా, వరాహం" అన్నాను. ఎందుకు అట్లా అన్నానో అప్పుడు ఆలోచించలేదు. రిటైరయ్యాక ఆలోచించాను.

ఇక అడగవలసింది అడుగుతాను. పందులను పట్టుకుంటే పట్టుకోండి, ముందు డప్పు కొట్టించండి, ఎన్ని పట్టారో రాసి రసీదు ఇవ్వండి, జుల్మానా వేసి విడిపించుకోనివ్వండి. ఊరి బయట, ఇళ్ళకూ చెరువుకూ దూరంగా, నీళ్ళు అందేచోట రెండెకరాలు చూపిస్తే కంచె మేమే వేసుకుంటాం, ఎంగిలి ఉడకబెట్టుకుంటాం. పశువుల డాక్టరు ఏడాదికోసారి వచ్చి మామూలు స్వైన్ ఫీవర్ (ఆఫ్రికన్‌ది కాదు, క్లాసికల్ అనేది) టీకా వేస్తే చాలు, గొర్రెలకు వేసినట్టే. ఇది నేను మున్సిపాలిటీకి కూడా రాసి ఇచ్చాను. మీ పత్రికకు మాత్రం ఒక్క మనవి. మళ్ళీ ఫొటో వేసినప్పుడు ఎవరి పంది అని రాయండి, తిట్టినా సరే పేరు పెట్టి తిట్టండి, 'స్వైరవిహారం' అని రాయకండి.

మా తమ్ముడికి ఇప్పుడు మిగిలింది చింతపల్లి దిక్కున చుట్టాల దగ్గర పాలుకు ఇచ్చిన ఒక్క ఆడపంది. దసరా నాడు కట్టింది. పంది సూడి నూట పద్నాలుగు రోజులు, మూడు నెలలా మూడు వారాలా మూడు రోజులు అని నాయన లెక్క చెప్పేవాడు. ఆ లెక్కన సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు ఈనుతుంది. దాన్ని ఎక్కడికి తెచ్చుకోవాలో తమ్ముడు రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచరు,
దేవరకొండ తాలూకా, నల్గొండ జిల్లా.